ఇరవై ఏడో ప్రశ్న

ఆగస్టు పందొమ్మిది. ఎస్తోనియా ఆగ్నేయాన, సెతో సీమలో
శ్మశానం మధ్యాహ్నం కాకముందే వంటింటి వాసనేస్తోంది.
సమాధి మీద పరిచిన కుట్టుపని గుడ్డ అంచున కూర్చుని
ఓడె అవ్వ ఉడికిన గుడ్డు ఒలుస్తోంది.
నా ఒళ్ళో అట్ట, అట్ట మీద ప్రశ్నావళి.
రికార్డరు ఎర్రటి కన్ను తెరుచుకునే ఉంది.

తార్తూలో బయల్దేరేటప్పుడు చెప్పి పంపారు:
నీ నమ్మకాన్నీ నీ అపనమ్మకాన్నీ
చెప్పులు విడిచినట్టు గడప అవతలే విడిచి వెళ్ళు.
నిజమా అని అడగకు, ఎలా అని అడుగు.
విడిచే వచ్చాను.
పాదాల సంగతి మాత్రం ఎవరూ చెప్పలేదు.

ఇరవై ఏడో ప్రశ్న: మీ ఉస్క్ ఏది?
మా భాషలో మతానికీ నమ్మకానికీ ఆ ఒక్కటే మాట.
ఒకే తాళంచెవితో రెండిళ్ళు తెరవబోయి
ఎన్ని తాళాలు పాడుచేశామో!
అవ్వ వేలు "ఏదీ లేదు" గడి మీద ఆగింది.
"జనాభా లెక్కలవాడికీ అదే చెప్పాను. గీత పెట్టు."
పెట్టాను.
ఉప్పద్దిన సగం గుడ్డును
సెమ్మో తాత తల ఉండే చోట ఉంచింది అవ్వ.
"ఉప్పెక్కువైతే సణుగుతాడు."

"ఆయన తింటాడని నమ్ముతారా?"
బావి గట్టున నిలబడి
నీళ్ళు తడిగా ఉంటాయా అని అడిగినదాన్ని చూసినట్టు చూసింది.
"నమ్మడమేమిటే పిల్లా, తినే వేళ దాటిపోతుంటే!"

నోటుబుక్కులో రాశాను: మృతులతో సహభోజనం.
కొట్టేశాను.
స్మారక క్రియ. అదీ కొట్టేశాను.
బంధుత్వ పునరుద్ధరణ.
ఇది సెమినార్లో నిలబడుతుంది, చప్పగానైనా.
పోల్చి చూడమంటారు:
మెక్సికో సమాధుల మీద బంతిపూలు,
జపాను ఏటి నీళ్ళ మీద దీపాలు.
పోలిక మంచిదే, ఒకదాని వెలుగులో
ఇంకొకదాని మూలలు కనిపిస్తాయి.
సెమ్మో తాత సణుగుడు మాత్రం
ఇక్కడ ఈ గుడ్డ అంచు దాటి ఎక్కడా వినపడదు.

ఈలోగా ధూపం ఊపుకుంటూ ఫాదర్ వచ్చాడు.
అవ్వ గుడ్డును ఎడమచేతిలోకి మార్చి
కుడిచేత్తో శిలువ గీసుకుని
మళ్ళీ కుడిచేతిలోకి తీసుకుంది.
"ఏదీ లేదు" గడిలో నా గీత
సిరా ఇంకా ఆరలేదు.

తర్వాత తనే ఒక ప్రశ్న వేసింది, నా కాగితంలో లేనిది.
"నీవాళ్ళెవరున్నారు అటుపక్క?"

చూసేవాళ్ళు చూస్తున్నదాంట్లో కలవకూడదని ఒక అలమర పుస్తకాలు,
కలవకుండా చూసేదేమిటని ఎదుటి అలమర.
ఆ రెంటి మధ్య సన్నటి సందులో
ఆరేళ్ళు చదువుకున్నాను నేను.

"తమ్ముడు," అన్నాను. "రైనో.
బూడిద తాల్లిన్ దగ్గర సముద్రంలో కలిపాం. సమాధి లేదు."
"సమాధి లేకపోతే ఆకలుండదా?"
సెమ్మో తాత వాటాను కాస్త పక్కకి జరిపింది.
"ఈయన సర్దుకుంటాడులే."
మిగిలిన సగం గుడ్డు నా చేతిలో పెట్టి
ఉప్పుపొట్లం విప్పబోయింది.

"వద్దవ్వా, ఉప్పు పడదు వాడికి."

పడదు అన్నాను.
పడేది కాదు అనలేదు.

టేపులో ఆ తర్వాత పదకొండు సెకన్లు గాలి,
ఎవరో దూరంగా సీసా మూత తీసిన చప్పుడు,
అవ్వ గొంతు: "కూర్చో, గడ్డి తడిలేదు."

ఉన్నదున్నట్టు టైపు చేసి పంపాను.
నెల తర్వాత వెనక్కొచ్చింది.
నలభై ఒకటో పేజీ అంచున
ప్రొఫెసర్ గారి పెన్సిలు, పొందికైన అక్షరాలు:
"ఇక్కడ మాట్లాడుతున్నది ఎవరు?
'వాడు' ఎవరు?
స్పష్టం చేయండి."